ట్రినిడాడ్ వీధుల్లో భోజ్‌పురి రుచి: మాట మరుగైనా మిగిలిన పేర్లు

2025 జూలై 3న ట్రినిడాడ్ అండ్ టొబాగో పర్యటనకు వెళ్లిన ప్రధాని నరేంద్ర మోదీకి ఆ దేశ ప్రధాని కమలా పర్సాద్ బిసేసర్ ఇచ్చిన విందులో భోజనాన్ని సొహారీ ఆకు మీద వడ్డించారు. ఆ సంగతిని మోదీ సామాజిక మాధ్యమంలో ప్రస్తావించడంతో ‘సొహారీ’ అన్న మాట భారతదేశంలో చాలామంది చెవిన మొదటిసారి పడింది. అరటి ఆకును, మోదుగ విస్తరిని ఎరిగిన తెలుగువారికి ఆకు భోజనం కొత్త కాదు. కొత్తది ఆ పేరు. దాని వెనుక కరీబియన్ సముద్రంలోని ఒక చిన్న దీవి ఎలా వండుకుంటుంది, ఎలా తింటుంది, తాను తినేదాన్ని ఏమని పిలుచుకుంటుంది అన్న పెద్ద కథ ఉంది.

సొహారీ ఆకు అరటి ఆకు కాదు. అది కలాథియా లూటియా అనే మొక్క ఆకు. వెడల్పుగా, దళసరిగా ఉంటుంది. అడుగు భాగాన తెల్లటి మైనపు పొడి వంటి పూత ఉంటుంది. ఈ మొక్కను భారతీయులు తమ వెంట తీసుకుపోలేదు. అది ఉష్ణమండల అమెరికా మొక్క, వారు వెళ్లేనాటికే అక్కడ ఉంది. వారి వెంట వెళ్లింది పేరు మాత్రమే. ట్రినిడాడ్‌లో ఈ మాటకు ‘దేవతల ఆహారం’ అని అర్థం చెప్పడం కద్దు. హిందీ నిఘంటువులు మాత్రం సొహారీ అంటే పూరీ అనే చెబుతాయి. పూజల్లో, పెళ్లిళ్లలో ఏ రొట్టెను ఆ ఆకు మీద పెట్టారో ఆ రొట్టె పేరే క్రమంగా ఆకుకు అంటుకుంది. రొట్టెకున్న పాత పేరు మరుగున పడింది, ఆకుకు మాత్రం నిలిచింది. ట్రినిడాడ్‌లో బయట భోజనం చేసేవారికి ఇలాంటి మాటలు పూటపూటకూ ఎదురవుతాయి.

దీవి చరిత్రను క్లుప్తంగా చెప్పుకోవాలి. ట్రినిడాడ్ మొదట స్పెయిన్ వలస. 1783లో స్పెయిన్ రాజు ఇచ్చిన శాసనంతో ఫ్రెంచ్ భూస్వాములు తమ ఆఫ్రికన్ బానిసలతో పెద్ద సంఖ్యలో వచ్చి స్థిరపడ్డారు. 1797లో దీవి బ్రిటిష్‌వారి వశమైంది. 1830లలో బానిసత్వం రద్దు కావడంతో చెరకు తోటలకు కూలీల కొరత ఏర్పడింది. ఆ లోటును పూడ్చుకునేందుకు తోటల యజమానులు భారతదేశం వైపు చూశారు. 1845 మే 30న ‘ఫతెల్ రజాక్’ అనే ఓడ కలకత్తా నుంచి 225 మందితో పోర్ట్ ఆఫ్ స్పెయిన్ చేరింది. 1917 వరకు సాగిన ఆ ఒప్పంద కూలీ పద్ధతిలో సుమారు 1,44,000 మంది భారతీయులు అక్కడికి వెళ్లారు. వారిలో అత్యధికులు నేటి బిహార్, తూర్పు ఉత్తరప్రదేశ్ ప్రాంతాలవారు. 2011 జనగణన నాటికి దేశ జనాభా సుమారు 13 లక్షలు. అందులో భారతీయ సంతతివారు 35.4 శాతం, ఆఫ్రికన్ సంతతివారు 34.2 శాతం, మిశ్రమ సంతతివారు 22.8 శాతం. ఏ ఒక్క వర్గానికీ మెజారిటీ లేని దేశమిది. అక్కడి వీధి భోజనాన్ని అర్థం చేసుకోవడానికి ఈ అంకెలు కీలకం.

‘ఒక డబుల్స్’

దీవిలో తెల్లవారకముందే అమ్మకం మొదలయ్యే వంటకం డబుల్స్. పసుపు, జీలకర్ర కలిపి ఈస్టుతో పులియబెట్టిన మైదాపిండిని అరచేతిలో పల్చగా ఒత్తి, కాగిన నూనెలో క్షణాల్లో వేయించి తీస్తారు. దీని పేరు ‘బారా’. హిందీ బడా, తెలుగు వడ ఒకే కుటుంబానికి చెందిన మాటలు. వాటి సముద్రాంతర బంధువే ఈ బారా. మన వడలా కరకరలాడదు, మెత్తగా సాగుతుంది. రెండు బారాలను ఒకదాని అంచు మీద మరొకటి వచ్చేట్లు మైనపు కాగితం మీద పరచి, మధ్యలో కాబూలీ శనగల కూర వేస్తారు. ఆ పైన చింతపండు పులుసు, దోసకాయ తురుము, కొబ్బరి పచ్చడి, ‘కుచేలా’ వంటివి కోరినన్ని. కుచేలా అంటే పచ్చిమామిడి తురుమును మసాలా, ఆవనూనెతో కలిపిన పచ్చడి. బిహార్ ఇళ్లలో మామిడి ‘కుచ్చా’ నేటికీ పెడతారు. మన మామిడి తొక్కుకు అది వరసకు చెల్లెలు. అంతా వేశాక కాగితం రెండు చివరలను ఒక్క తిప్పుతో మెలిపెట్టి చేతికిస్తారు. మాంసం, పాలు, గుడ్డు ఏదీ లేని వంటకం కనుక మతం, ఉపవాసం, నియమం ఏదైనా దీనికి అడ్డు రావు.

డబుల్స్ భారతదేశంలో పుట్టలేదు. దీని పుట్టుకను సాధారణంగా 1936కు, దక్షిణ ట్రినిడాడ్‌లోని ప్రిన్సెస్ టౌన్ సమీపాన ఫెయిర్‌ఫీల్డ్ అనే ఊరికి ముడిపెడతారు. అక్కడి ఇమాముల్ దీన్, ఆయన భార్య రసూలన్ తొలుత వేయించిన శనగలను కాగితపు పొట్లాల్లో అమ్మేవారు. తర్వాత ఒక బారాలో శనగల కూర పెట్టి ఇవ్వసాగారు. ఒక్క బారా చాలదని, రెట్టింపు చేయమని కొనేవారు అడగడంతో ‘డబుల్స్’ అన్న పేరు వచ్చిందని ఆ కుటుంబం చెప్పుకునే చరిత్ర. ‘మామూ దీన్’గా పేరుపడిన ఆయన గురించి, తమ ఇంటి వంటగది గురించి కుమారుడు బద్రు దీన్ ఒక పుస్తకమే రాశారు. చనా భటూరాతో దీనికి పోలిక ఉన్నమాట నిజమే కానీ, భటూరా కంచంలో కూర్చుని తినేది, డబుల్స్ చేతిలో పట్టుకుని నిలబడి తినేది. పనికి పరుగులు తీసే మనిషి కోసం, పని జరిగే చోటనే పుట్టిన తిండి అది.

పేరులోని వ్యాకరణం కూడా గమనించదగ్గది. ట్రినిడాడ్‌లో ఎవరూ ‘ఒక డబుల్’ అని అడగరు. ‘ఒక డబుల్స్’, ‘మూడు డబుల్స్’ అనే అడుగుతారు. తెలుగులో పాలు, నీళ్లు రూపంలో బహువచనాలు, వాటిని ఒకటి, రెండు అని లెక్కపెట్టలేం. డబుల్స్‌ది వేరే దారి: చూపుకు బహువచనం, లెక్కకు ఏకవచనం. దానిని సరిదిద్దబోయే పర్యాటకుడు వెంటనే పరాయివాడిగా తేలిపోతాడు.

కారం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అక్కడ ‘పెప్పర్’ అంటే మిరియం కాదు, మిరపకాయ. అమ్మేవారు అడిగే ఏకైక ప్రశ్న దాని గురించే. ‘స్లైట్’ అంటే కొద్దిగా అని అర్థం, కానీ ఆ కొద్ది ఎంతన్నది చెప్పేవారి నాలుకను బట్టి మారుతుంది. దక్షిణ ట్రినిడాడ్‌లోని మొరూగా ప్రాంతం పేరు మోసే ‘మొరూగా స్కార్పియన్’ మిరపను 2012లో అమెరికాలోని న్యూ మెక్సికో స్టేట్ యూనివర్సిటీ ప్రపంచంలోకెల్లా ఘాటైనదిగా గుర్తించింది. మరుసటి ఏడాదే ఆ కిరీటం కరోలినా రీపర్‌కు పోయింది. గుంటూరు కారానికి అలవాటు పడ్డామన్న ధీమాతో ‘ఎక్కువ వేయండి’ అనే తెలుగువారు మొదటి రోజున ఆ సాహసం చేయకపోవడమే మంచిది.

రోటీ దుకాణంలో

మధ్యాహ్న భోజనానికి రోటీ దుకాణం. ‘రోటీ’ అని అడిగితే ఒట్టి రొట్టె రాదు. కూరతో సహా మొత్తం భోజనం వస్తుంది. రకాలు ప్రధానంగా మూడు. ‘సాదా రోటీ’ పెనం మీద కాల్చి, మంట మీద పొంగించేది, ఎక్కువగా ఉదయపు తిండి. ‘దాల్‌పురీ’లో ఉడికించి పొడి చేసిన బఠాణీ పప్పు, జీలకర్ర పొర లోపల ఉంటాయి, పెద్ద రుమాలంత రొట్టెను పరచి, అందులో కూర పోసి, నలుచదరంగా మడిచి కాగితంలో చుట్టి ఇస్తారు. మూడోది పరాఠా. దానిని పెనం మీదనే రెండు చెక్క తెడ్లతో కొట్టి, చించి, పొరలు పొరలుగా విడదీస్తారు. ఆ తెడ్లను ‘డాబ్లా’లంటారు. ఇలా పీలికలైన రొట్టెకు ‘బస్ అప్ షట్’ అని పేరు. చిరిగిపోయిన చొక్కా అనే ఇంగ్లీషు మాటను ట్రినిడాడ్ యాసలో పలికితే వచ్చే రూపమది. కూరలోకి అద్దుకుని చేత్తో తినేందుకు దానికి మించినది లేదు.

కూరల వరుసలో కోడి, మేక, బాతు, రొయ్యలతోపాటు గుమ్మడికాయ, మామిడి, ‘బోడీ’ అనే పొడవాటి చిక్కుడు, చామాకుతో చేసే ‘భాజీ’, శనగలు-ఆలూ ఉంటాయి. మసాలా పొడిని కాసిన్ని నీళ్లతో ముద్దగా కలిపి, కాగిన నూనెలో వేసి, పచ్చివాసన పోయేదాకా వేయించాకే మాంసమో కూరగాయో వేయడం అక్కడి పద్ధతి. మన తాలింపును వాళ్లు ‘చుంకే’ అంటారు. అది హిందీ ‘ఛౌంక్’ నుంచి వచ్చిన మాట. విశేషమేమంటే ట్రినిడాడ్ ఇంగ్లీషులో అది చక్కని క్రియ. ‘పప్పును చుంకే చేశావా’ అని ఆఫ్రికన్ సంతతి గృహిణి కూడా అడుగుతుంది. జీలకర్ర ‘గీరా’ అయింది. రాత ఇంగ్లీషు ‘జీ’ అక్షరంతో మొదలవుతుంది గానీ పలకడం మాత్రం ‘జీరా’ అనే.

సాదా రోటీకి జోడీ ‘చోకా’. వంకాయనో టమాటానో నిప్పు మీద కాల్చి, తొక్క తీసి, మెదిపి, వెల్లుల్లి వేసి పైన కాగిన నూనె పోస్తారు. కాల్చిన వంకాయ పచ్చడి తిని పెరిగిన వారికి దీన్ని ఎవరూ వివరించనక్కర్లేదు. ఉప్పుచేపతో చేసే మరో ఉదయపు వంటకం ‘బుల్జోల్’. ఫ్రెంచ్‌లో నోరు కాల్చేది అనే అర్థమున్న మాట నుంచి ఆ పేరు వచ్చింది. ఒకే బల్ల మీద భోజ్‌పురి పేరు ఒకటి, ఫ్రెంచ్ పేరు ఒకటి పక్కపక్కనే ఉంటాయన్నమాట.

ఈ ఇరుగుపొరుగుతనం ఒక ఆకుకూర విషయంలో మరీ స్పష్టంగా కనిపిస్తుంది. కొత్తిమీర వాసన ఇంకా ఘాటుగా వచ్చే, అంచులు రంపపు పళ్లలా ఉండే ఒక ఆకు లేకుండా ట్రినిడాడ్ వంట సాగదు. మణిపూర్‌లోనూ, ఇతర ఈశాన్య రాష్ట్రాల్లోనూ దీన్ని వాడతారు. దీనికి అక్కడ రెండు పేర్లు. ఒకటి ‘షాడో బెనీ’. ఫ్రెంచ్‌లో ‘పవిత్రమైన ముళ్లమొక్క’ అనే మాటకు అది క్రియోల్ రూపం. రెండోది ‘బంధనియా’, అంటే బన్ ధనియా, అడవి ధనియాలు. మొదటిది ఫ్రెంచ్ తోటల్లో పనిచేసిన ఆఫ్రికన్ల నోట నిలిచిన మాట. రెండోది పరాయి నేలపై తమకు తెలిసిన కొత్తిమీరను వెతుక్కుంటూ, దాని వాసనే వస్తున్న కలుపుమొక్కను చూసి ‘ఇదీ ధనియానే, అడవిది’ అనుకున్న భారతీయ కూలీల మాట. ఒకే కట్టను ఒకే బజారులో ఇద్దరు మనుషులు రెండు చరిత్రల పేర్లతో అడుగుతారు. అమ్మే మనిషికి రెండూ తెలుసు.

దాచుకున్న తిండి, చాటుకున్న తిండి

ఈ రుచులకు ఇప్పుడున్న గౌరవం మొదటినుంచీ లేదు. తోటల బారకాసుల్లో మగ్గిన కూలీల తిండిగా రోటీని చాలాకాలం పట్టణాల్లో చిన్నచూపు చూశారు. బడికి రోటీ కట్టుకుపోయిన పిల్లలు తోటివారు నవ్వుతారని దాన్ని చాటుగా తినేవారని, బ్రెడ్డు తెచ్చుకున్నవారిని చూసి అసూయపడేవారని ఆ తరాలవారి జ్ఞాపకాల్లో పదేపదే కనిపిస్తుంది. ఇంటి లోపలి వంట వీధిలోకి రావడానికి, వీధిలోంచి ఆఫీసు బల్లల మీదికి చేరడానికి ఒక శతాబ్దం పట్టింది. ఈ ప్రయాణంలో డబుల్స్ అమ్మిన సైకిళ్ల పాత్ర పెద్దది. చెరకు పొలాల ఊళ్లలో పుట్టిన వంటకాన్ని అవే పట్టణాల కూడళ్లకు మోసుకొచ్చాయి. ఎవరి దగ్గరా కులం, వర్ణం అడగకుండా, నాణెం ఇచ్చిన ప్రతివారికీ అమ్మారు. 2021లో కరోనా ఆంక్షల్లో భాగంగా ప్రభుత్వం ఆహార దుకాణాలను కొన్ని వారాలపాటు పూర్తిగా మూసివేయించినప్పుడు దేశమంతటా జనం బెంగపడిన వాటిలో డబుల్స్ ముందుంది.

ఆ తిండికి కారణమైన చెరకు మాత్రం కనుమరుగైంది. ప్రభుత్వ చక్కెర సంస్థ ‘కరోనీ’ని 2003లో మూసివేయడంతో వేలాది మంది, ప్రధానంగా భారతీయ సంతతివారు, ఉద్యోగాలు కోల్పోయారు. నేటి ట్రినిడాడ్ ఆర్థిక వ్యవస్థకు ఆధారం చమురు, సహజవాయువు. గోధుమ అక్కడ పండదు. బారాకు, రోటీకి వాడే పిండి దిగుమతి గోధుమతో తయారైనదే. శనగలు కూడా బయటి నుంచే రావాలి. జాతీయ వంటకంగా చెప్పుకునే దాని ముడిసరుకు దేశానిది కాకపోవడం విచిత్రమే అయినా, చాలా దీవుల పరిస్థితి ఇదే.

భాష సంగతి ఇంకా విషాదకరం. ట్రినిడాడ్ భోజ్‌పురి ఒకప్పుడు అక్కడి భారతీయుల ఉమ్మడి భాష. వేర్వేరు జిల్లాల యాసలు ఓడలోనూ తోటల్లోనూ కలిసి ఒక కొత్త రూపం తీసుకున్నాయి. ట్రినిడాడ్‌లోనే పుట్టిన భాషాశాస్త్రవేత్త పెగీ మోహన్ ఈ భాష పదనిర్మాణంపై పరిశోధన చేసి 1978లో మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు. అప్పటికే దాన్ని ధారాళంగా మాట్లాడేవారు వృద్ధులే. పిల్లలకు చేరని భాష ఒకటి రెండు తరాల్లో ఇంటి నుంచి వెళ్లిపోతుంది. అయితే అన్ని మాటలూ ఒకేసారి పోవు. క్రియారూపాలు, విభక్తులు ముందు పోతాయి. వావివరసలు, పూజ, పాట, వంట చివరిదాకా పట్టుకుని ఉంటాయి. వాటిలోనూ వంటకున్న సౌలభ్యం మరి దేనికీ లేదు. పొరుగువాడు కూడా ఆ మాటను వాడాల్సిందే, లేకపోతే అతనికి భోజనం దొరకదు. భోజ్‌పురిలో ఒక వాక్యం నిర్మించలేని మనిషి కూడా కుచేలా, చోకా, తల్కారీ, సహీనా, ఫులౌరీ అని రోజూ పలుకుతున్నాడంటే కారణం అదే. భాషను బతికించే ప్రణాళికలు వేసేవారు బడిని మాత్రమే కాక బజారును కూడా లెక్కలోకి తీసుకోవాలనడానికి ఇంతకన్నా నిదర్శనం అరుదు.

పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ‘ఇండియన్ రెస్టారెంట్’ అని బోర్డు పెట్టుకున్న చోట దొరికేది ఇవేవీ కావు. అక్కడ నాన్, బటర్ చికెన్, తందూరీ ఉంటాయి. ఆరు తరాలుగా కూర, రోటీ తింటున్న ట్రినిడాడ్‌వాసికి అది విదేశీ భోజనం. బిహార్ నుంచి వెళ్లిన రైతు కూలీ ఎన్నడూ చూడని పంజాబీ, మొఘలాయీ వంటకాలను ఆయన మునిమనవడు ‘ఇండియా తిండి’గా కొత్తగా రుచి చూస్తున్నాడు. తన తిండిని అతడు ఇండియా తిండి అనుకోడు, ట్రినిడాడ్ తిండి అంటాడు. ఆ మాటలో పొరపాటు లేదు.

తెలుగువారి జాడ

మద్రాసు రేవు నుంచి ట్రినిడాడ్ వెళ్లినవారు మొత్తంలో స్వల్పభాగం. వారిలో తమిళులతోపాటు తెలుగువారూ ఉన్నారు. అందరినీ కలిపి ‘మద్రాసీలు’ అన్నారు. తెలుగు అక్కడ భోజ్‌పురి కంటే ఎంతో ముందే అంతరించింది. అంగడిలో తెలుగు పేరున్న వంటకం కనిపించదు. తెలుగువారు తగిన సంఖ్యలో ఒకచోట స్థిరపడిన మారిషస్‌లో పరిస్థితి వేరు. అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవుదినం, బడుల్లో తెలుగు బోధన ఉంది. దక్షిణాది రుచి ఆనవాలు కరీబియన్‌లోనే వెతకదలచినవారు ఫ్రెంచ్ దీవులైన మార్టినిక్, గ్వాడలూప్‌లకు వెళ్లాలి. 1853, 1854 నుంచి పుదుచ్చేరి, కారైకాల్ రేవుల ద్వారా కూలీలు చేరిన ఆ దీవుల్లో ప్రతి హోటల్లోనూ దొరికే కూర పేరు ‘కొలంబో’. శ్రీలంక రాజధానికీ దానికీ సంబంధం లేదని, మూలం తమిళ ‘కుళంబు’ అని బలమైన అభిప్రాయం ఉంది. ధనియాలు, ఆవాలు, మెంతులు, పసుపు కలిసిన ఆ పొడి వాసన తెలుగు వంటింటికి దూరమైనది కాదు.

ట్రినిడాడ్‌లో తెలుగువారికి అనుకోని చుట్టరికం మరోచోట తగులుతుంది. క్రిస్మస్ రోజుల్లో ప్రతి ఇంటా, ప్రతి హోటల్లోనూ ‘సోరెల్’ అనే ఎర్రటి పానీయం ఇస్తారు. లవంగాలు, దాల్చినచెక్క వేసి మరిగించి చల్లార్చే ఆ పానీయానికి మూలం ఎర్ర గోంగూర మొక్కే. మనం ఆకును పచ్చడి చేసుకుంటాం. వారు పువ్వు కింది ఎర్రటి రక్షకపత్రాలను మరిగిస్తారు. ఆఫ్రికాలో పుట్టిన మొక్క రెండు దిక్కులకు ప్రయాణించి, రెండు చోట్లా పులుపుకే పేరు తెచ్చుకుంది.

కూరొక్కటే కాదు

భారతీయ వంటకాల గురించే చెబితే దీవి భోజనం సగమే చెప్పినట్లు. ఆదివారం మధ్యాహ్నం ఏ వర్గం ఇంట్లోనైనా ‘కాలలూ’ ఉండే అవకాశం ఎక్కువ. చామాకు, బెండకాయ, కొబ్బరిపాలు, కొన్నిసార్లు పీతతో ఉడికించే ఆ ముద్దకూర ఆఫ్రికన్ వారసత్వం. ‘పెలావ్’ పేరుకు పులావే గానీ పద్ధతి వేరు. ముందు పంచదారను నూనెలో మాడే దాకా కరిగించి, ఆ నల్లటి పాకంలో కోడిముక్కలను రంగు తేల్చి, తర్వాత బియ్యం, కందికాయల పచ్చి గింజలు వేస్తారు. 1806లోనే తొలి చైనీయులు దిగిన ఆ దీవిలో చైనీస్ హోటల్ లేని ఊరు అరుదు.

రాజధాని నుంచి కొండదారిన వెళ్తే వచ్చే మరాకస్ తీరంలో ‘బేక్ అండ్ షార్క్’ ప్రసిద్ధి. పేరులో బేక్ ఉన్నా ఆ రొట్టెను కాల్చరు, నూనెలో వేయిస్తారు. దాన్ని చీల్చి మధ్యలో వేయించిన సొరచేప ముక్క పెట్టి ఇస్తారు. చింతపండు, వెల్లుల్లి, షాడో బెనీ పచ్చళ్లు ఎవరికి కావలసినవి వారే వేసుకోవాలి. ఆ తీరానికి దారి కూడా యుద్ధం ఇచ్చినదే. రెండో ప్రపంచయుద్ధ కాలంలో చాగ్వరామస్ తీరాన్ని నౌకాస్థావరం కోసం తీసుకున్న అమెరికా, అందుకు బదులుగా ఈ రోడ్డు వేసింది. సొరచేపల సంఖ్య ప్రపంచవ్యాప్తంగా తగ్గిపోతున్నందున అదే రొట్టెలో వేరే చేపను అడిగేవారూ ఇప్పుడు ఉన్నారు.

వర్గాల మధ్య హద్దులు ఎంత చెరిగాయో చూడాలంటే రెండు వంటకాలు చాలు. ఒకటి జంట దీవి టొబాగోలోని స్టోర్ బే తీరంలో దొరికే పీత కూర, పిండి ముద్దలు. టొబాగో జనాభాలో భారతీయ సంతతివారు చాలా కొద్దిమంది. అయినా ఆ దీవికి పేరు తెచ్చిన వంటకం మసాలా కూరే, వండేది ఆఫ్రికన్ సంతతి మహిళలే. రెండోది మద్యం దుకాణాల్లో నంజుకునే ‘గీరా పోర్క్’. భోజ్‌పురి వంటింటి జీలకర్ర, ఆ వంటిళ్లలో చాలావాటిలోకి ఎన్నడూ రాని పందిమాంసం. ఈ జతను ఎవరు ముందు కలిపారో గానీ, ఇప్పుడు దాన్ని వింతగా చూసేవారు అక్కడ లేరు.

బయట తినడమంటే ట్రినిడాడ్‌లో కేవలం ఆకలి తీర్చుకోవడం కాదు. ‘లైమ్’ అన్న మాటకు అక్కడ నిమ్మకాయ కన్నా ముందు తోచే అర్థం బాతాఖానీ కూటమి. పని లేకుండా నలుగురు కలిసి గడపడం, ఆ గడపడంలో ఏదో ఒకటి తినడం. నది ఒడ్డున పొయ్యి పెట్టి బాతు కూర వండుకుంటే అది ‘రివర్ లైమ్’. రాజధానిలోని అరియపీటా అవెన్యూలో రాత్రిపూట బల్లల చుట్టూ చేరితే అదీ లైమే. అలాంటి ఖరీదైన హోటళ్లలో ధరల పట్టికకు తోడు 12.5 శాతం విలువ ఆధారిత పన్ను, చాలాచోట్ల 10 శాతం సేవా రుసుము కలుస్తాయి. కనుక బిల్లు చూడకుండా మళ్లీ టిప్పు ఇవ్వనక్కర్లేదు. వీధిలో ఈ లెక్కలేవీ ఉండవు. ఆహారం అమ్మేవారు ఆరోగ్య శాఖ ఇచ్చే ‘ఫుడ్ బ్యాడ్జ్’ కలిగి ఉండాలన్నది నియమం. కొత్తచోట తినేముందు దాన్ని గమనించడం మంచిది.

పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌కు తూర్పున ఉన్న క్యూరెప్ కూడలిలో డబుల్స్ బళ్లు ఉదయమే కాక అర్ధరాత్రి కూడా కనిపిస్తాయి. దక్షిణాన డెబే ఊరి రోడ్డు పక్క వరుసగా ఉన్న అంగళ్లలో సహీనా, ఫులౌరీ, ఆలూ పై, బైగనీ సాయంత్రాల్లో వేడిగా దొరుకుతాయి. డబుల్స్ బండి దగ్గర డబ్బు ముందుగా ఇవ్వడం ఆనవాయితీ కాదు. ఒకటి తిని మరొకటి అడుగుతూ పోవచ్చు. చుట్టూ పదిమంది పది రకాల కారాలు చెబుతున్నా ఎవరు ఎన్ని తిన్నారో అమ్మేవారికి గుర్తుంటుంది. వెళ్లేటప్పుడు అడిగితే అంకె చెబుతారు, డబ్బు అప్పుడే ఇవ్వాలి.